పాట్రిక్ పండగ నాడు మోహర్ కొండల మీద

డబ్లిన్‌లో నాలుగేళ్లుగా మార్చి 17 అంటే మాకు ఊరేగింపే. చూడటం అంటే ముందు నిలబడ్డవాళ్ల వీపులు చూడటం, పిల్లని భుజం మీద మోయటం. ఈసారి ఆ రోజు, అంటే ఐర్లండ్ జాతీయ పండగ సెయింట్ పాట్రిక్స్ డే, సోమవారం పడి మూడు రోజులు సెలవు కలిసొచ్చింది. కాకినాడ నుంచి అమ్మ కూడా వచ్చి ఉంది. ఊరేగింపుకి ఒక దణ్ణం పెట్టి, పడమటి తీరంలో క్లేర్ కౌంటీకి, సముద్రం అంచున నిలువునా లేచిన మోహర్ కొండలు చూడ్డానికి బయల్దేరాం.

కారులో నాలుగు గంటల లోపు ప్రయాణం. గాల్వే దాటాక తిన్నగా వెళ్లిపోకుండా బర్రెన్ మీదుగా వెళ్లండి. కొండలు కొండలే బోడి సున్నపురాయి. "నాపరాళ్లు పరిచి వదిలేసినట్టుందిరా" అంది అమ్మ.

పండగ రోజు పొద్దున్నే తొమ్మిదిన్నరకల్లా మోహర్ చేరాం. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంచిది, వెళ్లే వేళను బట్టి ధర మారుతుంది. కారు పార్కింగ్ అందులోనే. 2007లో తెరిచిన విజిటర్ సెంటర్‌ని కొండ కడుపులోకి కట్టారు, పైన గడ్డి. దగ్గరికెళ్లేదాకా అక్కడ భవనం ఉందనే తెలీదు. లోపల ఎవరో కోటుకి గుచ్చుకోమని అమ్మకి షామ్‌రాక్ రెమ్మ ఇచ్చారు, ఈ పండగ గుర్తైన మూడాకుల మొక్క. ఆవిడ తిప్పి తిప్పి చూసి "ఇది మన పులిచింతాకు కాదూ!" అంది. కాదు గానీ, చూడటానికి అచ్చం అదే.

బయటికొస్తే గాలి. మామూలు గాలి కాదు, మాట నోట్లోంచి రాగానే లాక్కుపోయే గాలి. గొడుగు కారులోనే వదిలేయండి, టోపీ ఉన్న వాన కోటు ఒక్కటే పనికొస్తుంది. 214 మీటర్ల ఎత్తు నుంచి కిందికి చూస్తే అల విరగటం కనిపిస్తుంది, చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి వస్తుంది. అంచు వెంట నిలువు పలకలతో గోడ కట్టారు. లిస్కానర్ రాయి అనే ఆ ఇక్కడి రాతి మీద వానపాము పాకినట్టు మెలికలు తిరిగిన గీతలుంటాయి. కోట్ల ఏళ్ల కిందట బురదలో ఏవో పురుగులు తిరిగిన జాడలట. మా అమ్మాయి సముద్రాన్ని వదిలేసి అరగంట వాటి మీదే వేలు పెట్టి నడిపింది.

1835లో కట్టిన ఒబ్రియన్ టవర్ దాకా మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కింది ప్లాట్‌ఫాం దగ్గరే ఆగిపోయింది, అక్కడి నుంచీ బాగానే కనబడుతుంది. పఫిన్ పక్షుల కోసమైతే మార్చి తొందర, ఏప్రిల్ తర్వాత రావాలి. పదకొండు దాటాక టూర్ బస్సులు వరసగా దిగాయి. కాఫీ కోసం పావుగంట నిలబడ్డాం, కాఫీ ఆ నిలబడటానికి తగ్గట్టు లేదు.

తిరిగొస్తూ ఒక చిన్న ఊళ్లో ఊరేగింపు తగిలింది. నాలుగు ట్రాక్టర్లు, స్కూలు పిల్లలు, క్లేర్ జట్టు కాషాయం-నీలం జెర్సీలు. పది నిమిషాల్లో అయిపోయింది. మొదటి వరసలో నిలబడి చూశాం!

సాయంత్రం దగ్గర్లోని డూలిన్ ఊళ్లో పబ్బు. తాగకపోయినా వెళ్లండి. స్టేజీ ఉండదు, ఒక బల్ల చుట్టూ ఫిడేలు, కాన్సర్టీనా, బోరాన్ డప్పు పట్టుకుని కూర్చుని వాళ్లలో వాళ్లు వాయించుకుంటుంటే మనం పక్కన వింటాం. పిల్లలుంటే తొమ్మిదికల్లా లేవాలి, ఇక్కడి చట్టం అంతే.

బస మాత్రం దెబ్బకొట్టింది. మేం దిగిన బి అండ్ బిలో (గదీ, పొద్దుటి టిఫినూ ఇచ్చే ఇల్లు) రాత్రి పదికే హీటర్ ఆపేశారు. శాకాహారం అని ముందే రాసినా పొద్దున ప్లేటులో సాసేజ్ వచ్చింది. సోడా బ్రెడ్డూ వెన్నా బాగుండబట్టి అమ్మ గట్టెక్కింది. తప్పు మాదే కూడా: ఈ సెలవుకి జనవరిలోనే గది చూసుకోవాలి, మేం ఫిబ్రవరి ఆఖర్లో వెతికితే డూలిన్‌లో మిగిలింది అదొక్కటే.