గుప్తనిధుల కోసం కాదు: గుత్తిలో వాడిన మెటల్ డిటెక్టర్ రివ్యూ

అందరూ అడిగేది ముందే చెప్పేస్తా: దీంతో వజ్రాలు దొరకవు. గుత్తిలో నాది మోటార్ వైండింగ్ షాపు. డిటెక్టర్ కొన్నానని ఊళ్లో తెలిసినప్పటి నుంచి, తొలకరి పడితే చాలు, మోటార్ల కోసం వచ్చే ఫోన్లకంటే "అన్నా, మిషన్ తీసుకుని జొన్నగిరి పోదామా?" అనే ఫోన్లే ఎక్కువ. వజ్రంలో కరెంటు పారదు. కరెంటు పారని, అయస్కాంతానికి స్పందించని వస్తువును ఏ మెటల్ డిటెక్టరూ పట్టదు. వజ్రకరూరు, తుగ్గలి, పెరవలి చేలల్లో వానకాలం జనం నడుం వంచి వెతికేది కళ్లతోనే. ఆ పనికి ఈ మిషన్ కొంటే డబ్బు దండగ.

ఇక మిషన్ సంగతి. విదేశీ కంపెనీది, మధ్య రకం, సింగిల్ ఫ్రీక్వెన్సీ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే రకం), 11 అంగుళాల డీడీ కాయిల్ (నేల మీద ఊపే చుట్ట, డీడీ సంగతి కింద చెప్తా). ముప్పై వేల లోపే పడింది. పేరు రాస్తే ప్రచారం అంటారు, బాగోలేదన్న చోట గొడవకు వస్తారు. ఈ ధరలో దొరికేవన్నీ కాస్త అటూ ఇటుగా ఇలాగే పనిచేస్తాయి కాబట్టి పేరుతో పెద్ద పని లేదు.

మోటారు కోర్‌ను దిమ్మగా పోయకుండా పలచటి ఇనుప రేకులు (స్టాంపింగులు) పేర్చి ఎందుకు చేస్తారో తెలిసినవాళ్లకు డిటెక్టర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. దిమ్మ అయితే లోపల ఎడ్డీ కరెంటు (లోహంలోనే సుడిలా తిరిగే కరెంటు) పుట్టి వేడెక్కుతుంది. మోటార్లో మనం వద్దనుకునే ఆ కరెంటే ఇక్కడ కావాలి. ఒక చుట్ట నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపుతుంది, కింద లోహం ఉంటే అందులో కరెంటు పుట్టి ఎదురు క్షేత్రం వస్తుంది, రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి ఇనుమా, రాగా అని అంచనా వేసి తెర మీద ఒక నంబరు చూపిస్తుంది. డీడీ అంటే డి అక్షరం లాంటి రెండు చుట్టలు నడుమ ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. బలమంతా ఆ నడిమి పట్టీలోనే. ఊపేటప్పుడు ఒక ఊపు మీదికి ఇంకో ఊపు కొంత రావాలి, లేదంటే మధ్యలో నేల మిగిలిపోతుంది.

మన నేలలో దీని పనితనం చెప్తా. ఎర్రనేలలో ఇనుప ఖనిజం ఎక్కువ. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాన్ని పట్టించుకోకుండా మిషన్‌ను సర్దుకోవడం) చేయకుండా ఊపితే లోహం లేని చోట కూడా కూస్తుంది. శనక్కాయలు పీకేసిన చేనులో, కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ బ్యాలెన్స్ చేసుకున్నాక దారికొచ్చింది. అయినా నాణెం సైజు వస్తువు జానెడు లోతు దాటితే నమ్మకం లేదు. డబ్బా మీద రాసిన లోతులు మన ఎర్రనేలకు రాసినవి కావు. నల్లరేగడిలో కూత కాస్త నిలకడగా ఉంటుంది. కానీ ఎండాకాలం ఆ నేల గడ్డపారకు కూడా లొంగదు. తొలి దుక్కి అయిపోయి ఒక వాన పడ్డాక, విత్తనం వేయకముందు ఉండే ఆ కొద్ది రోజులే అసలు సీజన్.

బోరు మోటారు ఆడుతుంటే స్టార్టర్ దగ్గరా, 11 కేవీ లైన్ కిందా మిషన్‌కు పూనకం వస్తుంది. సెన్సిటివిటీ తగ్గించాల్సిందే. లేదా కరెంటు పోయేదాకా ఆగాలి, మన దగ్గర అది పెద్ద కష్టం కాదు. మే నెల ఎండలో తెర మీద అంకెలు కనపడవు. కేబుల్ కనెక్టర్ ప్లాస్టిక్ నాసిరకం. అది సడలితే అమ్మినవాళ్లు "పార్ట్ రావాలి సార్" అంటూనే కాలం గడిపారు. చివరికి నేనే మార్చుకున్నా.

చెత్త గురించి ఎవరూ రాయరు, కాబట్టి రాస్తున్నా. బయటికొచ్చే వాటిలో ముప్పాతిక వంతు ఎద్దుల నాడాలు, వాటి మేకులు, మాత్రల రేకులు, సీసా మూతలు. ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటుకునే రకం. దాని మీద నంబరు నిలవదు, ఎగిరిపడుతుంది. పాత అల్యూమినియం ఐదు పైసలు, ఆరు మూలల మూడు పైసలు శుభ్రంగా కూస్తాయి. అవి దొరికినప్పుడు చేనుగలాయన ముఖం చూడాలి. రాగి నాణెం దొరికినా అంత సంబరపడడు.

ఇంతవరకు మిషన్‌కు మూడున్నర స్టార్లు. కానీ నేను దీన్ని ఇంకా అమ్మేయకుండా ఉన్నది మిషన్ మంచిదని కాదు. దీని వల్ల దొరికిన మనుషుల కోసం.

మొదట్లో దొరికినవన్నీ ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి బల్ల మీద పెట్టేవాణ్ని. పచ్చగా పట్టిన రాగి బిళ్లలు. నాకు అవి తూకానికి వేసే రాగితో సమానం. ఒకసారి రిటైర్డ్ ఉర్దూ సారు ఒకాయన టేబుల్ ఫ్యాన్ రివైండింగ్‌కు తెచ్చి, డబ్బా చూసి, ఫ్యాన్ సంగతే మర్చిపోయారు. తర్వాత గుత్తి ఆర్‌ఎస్ (రైల్వే స్టేషన్) నుంచి రైల్వేలో పనిచేసే ఒకతను చేరాడు. అతనికీ సొంత మిషన్ ఉంది, నాకంటే పాతది. తుగ్గలి వైపు నుంచి ఒక రైతన్న వస్తాడు. ఆయన దగ్గర మిషన్ లేదు, కానీ ఏ చేనులో పాత ఊరి దిబ్బ ఉండేదో, ఎక్కడ సంత జరిగేదో ఆయనకు తెలిసినంత మాకెవ్వరికీ తెలియదు. ఆదివారం పొద్దున షాపు సగం షట్టర్ ఎత్తి కూర్చుంటాం. టీ ఖర్చు ఎవరికి ఎక్కువ ఎద్దు నాడాలు దొరికాయో వాళ్లది.

నేను ప్యాంటు బొత్తామనుకుని పక్కన పడేసిన ఇత్తడి గుండీని రైల్వే అతను తీసుకుని గుడ్డతో మెల్లగా తుడిచి ఎం అండ్ ఎస్‌ఎం రైల్వే అన్నాడు. మద్రాస్ అండ్ సదర్న్ మరాఠా రైల్వే, 1908లో ఏర్పడి 1951లో దక్షిణ రైల్వేలో కలిసిన కంపెనీ. ఎవరో గార్డో, పోర్టరో, యూనిఫాం గుండీ తెగి చేనుగట్టు మీద పడిపోయి ఉంటుంది. ఆ గుండీ మీద ఆదివారమంతా గడిచింది.

అన్నిటికంటే చెప్పుకోదగ్గది రైతన్న చేను గట్టులో దొరికింది. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, అంచు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా. నాకు మాత్రం పచ్చటి పెచ్చు. సారు దాన్ని కడగనివ్వలేదు. షట్టర్ దించమని, సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనేంత కిందికి పెట్టి వేయించారు. ముందు ఒక వీపు వంపు కనపడింది. తర్వాత తొండం. ఏనుగు. ఇంకోవైపు తిప్పి చాలాసేపు చూసి "జర్బ్" అన్నారు, అంటే టంకశాల పేరు రాబోతోందన్నమాట. ఆ తర్వాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "ఫైజ్ హిసార్" అన్నారు. టిప్పు సుల్తాన్ తన టంకశాల ఊళ్లకు కొత్త పేర్లు పెట్టాడు. ఫైజ్ హిసార్ మా గుత్తే. మరాఠా సర్దారు మురారిరావు దగ్గర నుంచి 1776లో హైదర్ అలీ గుత్తి కోట గెలుచుకున్నాడని బడిలో చదివాం. ఆయన కొడుకు టిప్పు ఇక్కడే అచ్చు వేయించిన పైసా ఇక్కడి మట్టిలోనే ఉందని నాకు మిషన్ చెప్పలేదు. మిషన్ చెప్పింది ఒక నంబరు, ఒక కూత.

ఇక్కడ చట్టం మాట తప్పదు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. పది రూపాయలే, చదువుతున్నది తప్పు కాదు. తెలపకపోతే దొరికినవాడికి రావాల్సిన వాటా పోవడమే కాదు, జైలు కూడా ఉంది. నూరేళ్లు దాటిన నాణేలకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, దేశం దాటించడం నేరం. సారు పట్టుబట్టి ఏనుగు నాణెం గురించి, దొరికిన సర్వే నంబరుతో సహా, కలెక్టర్‌కు అర్జీ రాయించారు. ఫోటో జత చేసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాం. రైతన్నకు మొదట భయం వేసింది, చేను పోతుందేమోనని. చేను ఎక్కడికీ పోలేదు.

గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడికి మిషన్ తీసుకెళ్లే ఆలోచనే వద్దు. ఎర్రగుడి అశోకుడి శాసనాల గుట్టకూ అంతే. ఆ శాసనాలను గుర్తించింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. ఆయన చేసిందల్లా చూసి, తెలిసినవాళ్లకు చెప్పడం. గుళ్ల దగ్గర, నందుల కింద తవ్వే ముఠాల వల్ల మన జిల్లాల్లో డిటెక్టర్ చేతిలో ఉన్నవాడంటేనే జనానికి అనుమానం. అందుకే మేము పొద్దున పూటే పోతాం, చేనుగలాయన పక్కనే ఉంటాడు, తీసిన గుంత తీసినట్టే పూడుస్తాం. ఎవరైనా రాత్రికి రమ్మంటే మాత్రం రాం.

ఇంకొక మాట. "నూరు గజాల దూరం నుంచి బంగారం చూపిస్తుంది" అంటూ యాంటెన్నా ఉన్న పిస్టల్ లాంటిది లక్షలకు అమ్ముతున్నారు. ఒకాయన పనిచేయట్లేదని అలాంటిదాన్ని నా దగ్గరికి తెచ్చాడు. విప్పి చూస్తే తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఎల్‌ఈడీ, ఒక బజర్. యాంటెన్నాకు పోయిన వైరు దేనికీ అంటలేదు, చివర జిగురుతో అతికించి ఉంది. రిపేరు చేయడానికి అందులో ఏమీ లేదు. దేవుడి బొమ్మ ఉన్న 1818 నాటి ఈస్టిండియా కంపెనీ నాణెం, బియ్యపు గింజల్ని తనవైపు లాగుతుంది అని చెప్పే బేరం కూడా ఇదే జాతి. 1818 అని రాసి దేవుళ్ల బొమ్మలున్న ఆ నాణేలు కంపెనీ వేసినవి కావు.

ఎవరు కొనొచ్చు అంటే, డబ్బు తిరిగి రావాలనుకోనివాళ్లు, నడుం నొప్పి లేనివాళ్లు. ఒక్కరే కొనేకంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కోండి. మిగిలిన డబ్బుతో మంచి పిన్‌పాయింటర్ (గుంతలో పెట్టి చూసే చిన్న చేతి డిటెక్టర్) తీసుకోండి, గుంతలో చేత్తో వెతికే బాధ తప్పుతుంది. గుత్తి, పామిడి, పత్తికొండ వైపు ఎవరి చేనులోనైనా ఏదైనా బయటపడి ఉంటే ఆదివారం పొద్దున గుత్తికి తీసుకురండి, వైండింగ్ షాపు ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. మట్టితో ఉన్నది ఉన్నట్టే తెండి. ఇంట్లో ఆడవాళ్లు ఎంత ముచ్చటపడినా చింతపండుతో మాత్రం తోమనివ్వకండి. పోయిన నెల పామిడి నుంచి ఒకతను తెచ్చిన బిళ్ల పూజగంటలా మెరిసిపోతోంది, దాని మీద చదవడానికి సారుకు ఒక్క అక్షరం మిగల్లేదు.