ఊరి నంబరా, బెంగళూరు నంబరా? ఆన్‌లైన్‌లో మన ముఖాలు విడివిడిగా ఉంచుకోవడానికి ఏది మేలు

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఆఫీసు వాళ్ళూ, ఊళ్ళో చుట్టాలూ, కాలేజీ స్నేహితులూ, పీజీలో రూమ్మేట్లూ అందరూ ఒకే ఫోనులో ఉన్నారు. ఒకరి కోసం పెట్టింది ఇంకొకరి కంట పడకుండా ఎలా? ఒకే అకౌంటు ఉంచుకుని లోపల లిస్టులు చేసుకోవాలా, యాప్‌కొక ముఖం చొప్పున పంచేసుకోవాలా, రెండో అకౌంటు తెరవాలా, లేక మారుపేరు పెట్టుకోవాలా?

దాచాల్సిన తప్పేదో ఉండి అడిగే ప్రశ్న కాదిది. మేనత్తతో మాట్లాడినట్టు మేనేజరుతో ఎవరం మాట్లాడం. ఇంట్లో సంబంధాలు చూస్తున్న అమ్మాయి గోవా ఫొటో ఎన్ని ఫోన్లు తిరిగి ఎవరింటికి చేరుతుందో తెలియనిది కాదు. పైగా మనకో ప్రత్యేకమైన చిక్కుంది. ఎలక్ట్రానిక్ సిటీలో పక్క సీటులో కూర్చునే మనిషి మన బావమరిదికి తోడల్లుడు అయి ఉండొచ్చు. ఆఫీసూ బంధుత్వమూ ఒకే మనిషిలో కలిసిపోయిన చోట యాప్ వేసిన గోడ నిలవదు.

మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. మామూలు అవసరాలకు యాప్‌కొక ముఖం చాలు. వేరే జనం కోసం వేరే పని చేస్తుంటే, అంటే వంటల పేజీ, కవిత్వం, రాజకీయం లాంటివైతే, దానికి విడి ఈమెయిల్‌తో రెండో అకౌంటు. లిస్టులు మాత్రం చిన్నచిన్న విషయాలకే. అయితే ఈ నాలుగింట్లో ఏది ఎంచుకున్నా అది నిలబడేదీ కూలేదీ ఫోన్ నంబరు దగ్గరే.

లిస్టులు

ఇన్‌స్టాగ్రామ్‌లో క్లోజ్ ఫ్రెండ్స్ 2018 నవంబరు నుంచి ఉంది. మొదట స్టోరీలకే ఉండేది, 2023 నుంచి పోస్టులకూ రీల్స్‌కూ వచ్చింది. లిస్టులో ఎవరిని చేర్చినా, తీసేసినా వాళ్ళకు కబురు వెళ్ళదు. లిస్టులో ఇంకెవరున్నారో లోపలివాళ్ళకు తెలియదు. అంతవరకు బాగానే ఉంది.

చిక్కల్లా లిస్టును ఎప్పటికప్పుడు దిద్దుకోవడంలోనే. నిరుడు రూమ్మేటుగా ఉన్నవాడు ఈ ఏడు మన టీమ్ లీడు అవుతాడు. లిస్టులో పేరు అలాగే ఉండిపోతుంది. గూగుల్ ప్లస్ 2011లో మొదలైందే 'సర్కిల్స్' అనే ఆలోచన మీద. మనుషుల్ని వృత్తాలుగా విడదీసుకోమంది. జనం విడదీసుకుంటూ కూర్చోలేదు. 2019 ఏప్రిల్‌లో అది మూతపడింది. ట్విట్టర్ 2022లో తెచ్చిన సర్కిల్ 2023 అక్టోబరు దాటలేదు. అది కూడా, సర్కిల్‌లోని వాళ్ళకే కనపడాల్సిన ట్వీట్లు బయటివాళ్ళకు కనిపించాయని కంపెనీయే ఒప్పుకున్నాక. ఫేస్‌బుక్‌లో 2018 మేలో ఒక లోపం వల్ల సుమారు 1 కోటి 40 లక్షల మందికి పోస్టు ఎవరికి కనపడాలన్న చోట వాళ్ళ ఎంపిక పోయి 'పబ్లిక్' వచ్చి కూర్చుంది. లిస్టు అనేది కంపెనీ కట్టిన తడిక. అది జారితే మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఫేస్‌బుక్‌లో పోస్టు నొక్కేముందు మన పేరు కింద గుర్తు చూసుకోవాలి. గోళం బొమ్మ ఉంటే లోకమంతటికీ, ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే స్నేహితులకే.

ఇంకొకటి చాలామంది గమనించరు. లిస్టయినా, ప్రైవేట్ అకౌంటయినా మన పోస్టుల్నే దాస్తాయి. సినిమా పేజీ కిందో రాజకీయ పేజీ కిందో మనం రాసిన కామెంటును ఎవరైనా చదువుతారు. 2025 ఆగస్టు నుంచి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో 'ఫ్రెండ్స్' అని ఒక ట్యాబ్ వచ్చింది. మనం లైక్ కొట్టిన రీల్స్ మన స్నేహితులకు అక్కడ కనిపిస్తాయి. లైకులు ఎవరికి కనపడాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, మార్చుకోండి.

లిస్టు నిజంగా పనికొచ్చే చోటు వాట్సాప్ స్టేటస్. అక్కడ లిస్టు చేసుకోవడానికి రెండు దారులుంటాయి: 'వీళ్ళు తప్ప అందరికీ', 'వీళ్ళకు మాత్రమే'. ఎక్కువమంది మొదటిది పెట్టి ఇద్దరు పెద్దవాళ్ళను తీసేసి ఊరుకుంటారు. అప్పుడు రేపు సేవ్ చేసుకునే ఇంటి బ్రోకరు, ప్లంబరు, కొత్త మేనేజరు, వాళ్ళ దగ్గరా మన నంబరు సేవ్ అయి ఉంటే, తమంతట తామే లోపలికి వచ్చేస్తారు. రెండోది పెట్టుకుంటే కొత్త నంబరు బయటే ఆగుతుంది.

యాప్‌కొక ముఖం

లింక్డిన్ ఆఫీసుకు, ఫేస్‌బుక్ ఊరివాళ్ళకు, ఇన్‌స్టాగ్రామ్ స్నేహితులకు. చెప్పకుండానే చాలామంది చేస్తున్నది ఇదే. లిస్టుల్లా రోజూ దిద్దే పని లేదు, తప్పు చోట పోస్టు పడే ప్రమాదమూ తక్కువ.

దీన్ని కూల్చేది కాంటాక్ట్ సింక్, అంటే ఫోనులో సేవ్ చేసిన నంబర్లను యాప్ తీసుకుని ఎవరి అకౌంటు ఏదో పోల్చుకోవడం. మారతహళ్ళిలోనో బెళ్ళందూరులోనో అపార్ట్‌మెంట్ గ్రూపులో చేరతాం. సభ్యులందరికీ మన నంబరు కనిపిస్తుంది. పై ఫ్లోరులో ఉండే సహోద్యోగి దాన్ని సేవ్ చేసుకుంటారు. వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌కు కాంటాక్టులు చూసే అనుమతి ఉంటుంది. మన అకౌంటుకు అదే నంబరు కట్టి ఉంటే, 'వీళ్ళు మీకు తెలిసి ఉండొచ్చు' అని మన ముఖం వాళ్ళ ముందుకు వెళ్ళిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్ సెంటర్'లోకి వెళ్ళి 'అప్‌లోడ్ కాంటాక్ట్స్' ఆపేయడం అవసరమే, కానీ అది మన ఫోనులోని నంబర్లు వాళ్ళకు పోకుండా ఆపుతుందంతే. ఎదుటివాళ్ళ ఫోనులో ఉన్న మన నంబరును అది ఆపలేదు. కాబట్టి అసలు మందు అకౌంటుకు నంబరు కట్టకపోవడం. ఇన్‌స్టాగ్రామ్‌ను బ్రౌజరులో తెరిచి ప్రొఫైల్ ఎడిట్‌లో అకౌంటు సూచనల్లో మనల్ని చూపించే టిక్కు కూడా తీసేయండి. లింక్డిన్‌లో ఫోన్ నంబరుతో వెతికితే మనం దొరకాలా వద్దా అనే సెట్టింగు ఉంది, 'ఎవరికీ వద్దు' అని పెట్టుకోవచ్చు. లింక్డిన్‌లో కొట్టిన ప్రతి లైకూ మన కనెక్షన్లకు కనిపిస్తుందన్నది గుర్తుంచుకోవాలి. అక్కడ రాజకీయ పోస్టుకు బొటనవేలు చూపిస్తే అది మేనేజరు ఫీడులో తేలొచ్చు.

ఫొటోలూ యూజర్‌నేమ్‌లూ కూడా యాప్‌కొకటి ఉండాలి. లింక్డిన్ ఫొటోనే ఇన్‌స్టాలో పెడితే, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేసి చూసినవాళ్ళకు రెండూ ఒకరివేనని తేలిపోయే వీలుంది.

రెండో అకౌంటు

ఇన్‌స్టాగ్రామ్ ఒకే యాప్‌లో ఐదు అకౌంట్ల దాకా లాగిన్ అవనిస్తుంది. ఫేస్‌బుక్ నిబంధనల ప్రకారం మనిషికి ఒకే పర్సనల్ అకౌంటు. కానీ 2023 నుంచి దాని కింద నాలుగు అదనపు ప్రొఫైళ్ళు పెట్టుకోవచ్చు, వాటికి రోజూ పిలిచే పేరే ఉండాలని లేదు. యూట్యూబ్‌లోనూ ఒకే గూగుల్ అకౌంటు కింద వేర్వేరు పేర్లతో ఛానళ్ళు నడపొచ్చు; కామెంటు ఏ ఛానల్ పేరుతో వెళ్తోందో పంపేముందు చూసుకుంటే చాలు.

ముందుగా కొత్త ఈమెయిల్ తెరవండి. పాత జీమెయిల్‌కే ప్లస్ గుర్తు పెట్టి వాడితే అసలు అడ్రసు అందులోనే కనిపిస్తుంది, అది పనికిరాదు. ఆ కొత్త ఈమెయిల్‌తో అకౌంటు తెరిచి, నంబరు అడిగిన చోట ఇవ్వకుండా దాటేయండి. పాత అకౌంటుతో కలిపి ఒకే అకౌంట్స్ సెంటర్‌లో ఉంచుతామంటే వద్దనండి. రెండో అంచె భద్రతకు ఎస్సెమ్మెస్ బదులు, లాగిన్ కోడ్లను ఫోనులోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి దాచండి. ఫోను పోయిందంటే ఆ కాగితమే దిక్కు, ఎందుకంటే ఈ అకౌంటుకు మనం నంబరు ఇవ్వలేదు.

ఎక్కువమంది దెబ్బతినేది మొదటి రోజే. కొత్త అకౌంటు తెరవగానే అలవాటు కొద్దీ పాత అకౌంటుతో దాన్ని ఫాలో అవుతారు, ఇద్దరు దగ్గరి స్నేహితుల్ని చేరుస్తారు. ఇక అక్కడి నుంచి మన పేరు ఆ స్నేహితుల స్నేహితులకు సూచనగా వెళ్ళడం మొదలవుతుంది. ప్రొఫైల్ కింద 'ఫలానావాళ్ళు ఫాలో అవుతున్నారు' అనే వరుస కూడా చూసేవాళ్ళకు చాలా చెప్పేస్తుంది. విడిగా ఉండాలనుకున్న అకౌంటులోకి తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా రాకూడదు.

రెండో ప్రమాదం తప్పు అకౌంటు నుంచి లైకో కామెంటో వెళ్ళిపోవడం. ఒకే యాప్‌లో అకౌంట్లు మారుస్తూ ఉంటే ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. ఒకటి యాప్‌లో, ఇంకొకటి బ్రౌజరులో వాడటం అన్నిటికన్నా తేలిక. ఒకే యాప్‌ను రెండో కాపీగా విడిగా నడపనిచ్చే శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్, షావోమీ డ్యుయల్ యాప్స్ కూడా ఇందుకు పనికొస్తాయి. ప్రొఫైల్ బొమ్మలు బాగా తేడా రంగుల్లో ఉంచితే, ఎవరిగా మాట్లాడుతున్నామో కంటికి వెంటనే తెలుస్తుంది.

మారుపేరు

రెడిట్‌కూ ఎక్స్‌కూ (పాత ట్విట్టర్) సరిపోతుంది. రెడిట్‌లో ఒకసారి ఖాయమైన యూజర్‌నేమ్ మార్చడానికి వీల్లేదు, కాబట్టి అందులో ఇంటిపేరు, పుట్టిన ఏడాది ఇరికించకండి. మారుపేరు నేరం కాదు. ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ళ దాకా జైలు. మీరు విడిగా పేరు పెట్టుకోకపోతే గూగుల్ మ్యాప్స్ రివ్యూలు గూగుల్ అకౌంటు పేరుతోనే వెళ్తాయి. వీధి చివర దర్శిని (టిఫిన్ హోటలు), పక్క క్లినిక్, సెలూన్‌కు రాసిన రివ్యూలు కలిపి చదివితే ఇల్లెక్కడో తెలిసిపోతుంది.

అన్నిటికీ మూలం నంబరు

బెంగళూరు తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ముందే ఉంది. చాలామంది దగ్గర రెండు సిమ్‌లుంటాయి: అనంతపురంలోనో చిత్తూరులోనో తీసుకున్న ఊరి నంబరు, ఇక్కడికొచ్చాక తీసుకున్న కర్ణాటక నంబరు. సాధారణంగా ఏ యాప్ అడిగితే ఆ క్షణానికి గుర్తొచ్చిన నంబరు ఇచ్చేస్తాం. కొంచెం ఆలోచించి పంచుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది.

ఊరి నంబరును ఆధార్‌కు, బ్యాంకుకు, ఇంటివాళ్ళ వాట్సాప్‌కు ఉంచండి. బెంగళూరు నంబరు హెచ్‌ఆర్‌కు, ఇంటి ఓనరుకు, అపార్ట్‌మెంట్ గ్రూపుకు, డెలివరీలకు, లింక్డిన్‌కు. ఇన్‌స్టాగ్రామ్‌కూ మిగతావాటికీ రెండూ వద్దు, ఈమెయిలే. ఆండ్రాయిడ్‌లో 2023 అక్టోబరు నుంచి ఒకే వాట్సాప్‌లో రెండు నంబర్లూ నడుస్తాయి. ఐఫోనులో చాలామంది రెండో నంబరుకు వాట్సాప్ బిజినెస్ వేసుకుంటారు. రెండింటికీ ప్రొఫైల్ ఫొటో వేరుగా ఉండాలి. బెంగళూరు నంబరుకు 'నా కాంటాక్టులకే' అని పెట్టండి, లేదంటే పార్సిల్ తెచ్చిన కుర్రాడికీ మన ఫ్యామిలీ ఫొటో కనిపిస్తుంది.

మూడో సిమ్ కావాలనిపిస్తే మన పేరు మీదే తీసుకోవాలి. కర్ణాటకలోనూ ఆంధ్ర, తెలంగాణల్లోనూ ఒకరి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరు మీద ఎన్ని ఉన్నాయో చూసుకోవచ్చు, మనవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. స్నేహితుడి పేరు మీద సిమ్ తీసుకుని దానికి అకౌంటు కడితే ఆ అకౌంటు తాళం చెవి అతని దగ్గర ఉన్నట్టే.

ఏ నంబరునైనా పేజీ కోసం బయటపెట్టే ముందు నంబరు ఎవరిదో చూపే ట్రూకాలర్‌లో దాన్ని కొట్టి చూడండి. యూపీఐ యాప్‌లోనూ కొట్టి చూడండి. ఆ నంబరుకు యూపీఐ ఉంటే, బ్యాంకులో ఉన్న పూర్తి పేరు ఇంటిపేరుతో సహా వస్తుంది. హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో ఇంట్లోనే కారప్పొడులూ పచ్చళ్ళూ చేసి ఇన్‌స్టాలో వేరే పేరుతో అమ్మే ఇల్లాలు ఎంత జాగ్రత్త పడినా, కిలో గోంగూరకు డబ్బు పంపినవాళ్ళందరికీ ఆవిడ పేరు తెలుస్తుంది. దానికి దారి ఉంది: చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానితో పాటు బ్యాంకు అడిగే మిగతా కాగితాలు ఇచ్చి వ్యాపారం పేరు మీద కరెంట్ అకౌంటు తెరిస్తే, డబ్బు పంపేవాళ్ళకు ఆ పేరే కనిపిస్తుంది.

నంబర్లు పంచుకున్నాక వచ్చే అసలు ముప్పు ఊరి సిమ్‌కు రీచార్జి మర్చిపోవడం. ప్రీపెయిడ్ నంబరు వరుసగా 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఆపాక కనీసం మరో 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ ఇంకొకరు వాట్సాప్ వేసుకుంటే మనం బయటికి వచ్చేస్తాం. పాత అకౌంటు 45 రోజులు వాడకుండా పడి ఉండి కొత్త ఫోనులో తెరుచుకుంటే, నంబరు చేతులు మారిందని గ్రహించి వాట్సాప్ పాత ఫొటో, వివరాలు తుడిచేస్తుంది. బ్యాంకు ఓటీపీలు మాత్రం మనం మార్చేదాకా ఆ కొత్త మనిషికే పోతుంటాయి. ఊరి సిమ్‌కు ఏడాది ప్లాను వేసి, గడువుకు పదిహేను రోజుల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఊరి నంబరు ఇక వద్దనుకుంటే బ్యాంకు, ఆధార్, గూగుల్ మార్చాకే వాట్సాప్‌లో 'చేంజ్ నంబర్' నొక్కండి. పాత నంబరు వాట్సాప్‌లో ఉండగానే, సిమ్ పనిచేస్తుండగానే ఇది చేయాలి. కొత్త నంబరు ఏ కాంటాక్టులకు తెలియాలో అక్కడ మనమే ఎంచుకోవచ్చు. గ్రూపులకు మాత్రం ఆ ఎంపిక లేదు. మనం ఉన్న ప్రతి గ్రూపులోనూ నంబరు మారినట్టు వరుస పడుతుంది. పదేళ్ళ కిందటి కాలేజీ గ్రూపు, ఎవరో చేర్చిన ఊరి గ్రూపు లాంటివాటికి బెంగళూరు నంబరు తెలియకూడదనుకుంటే, 'చేంజ్ నంబర్' నొక్కే ముందే వాటిలోంచి బయటికి వచ్చేయాలి.