కోడ్ వెతుకులాటలో అక్కర్లేని ఫైళ్లను తప్పించాలంటే గిట్ గ్రెప్ మేలా, రిప్‌గ్రెప్ మేలా?

రిపాజిటరీలో (గిట్ చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో) ఒక ఫంక్షన్ పేరు వెతికితే ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైళ్లు, మినిఫై చేసిన (కుదించిన) జావాస్క్రిప్ట్, బయటివాళ్ల కోడ్ ఉండే వెండర్ ఫోల్డర్ అన్నీ వచ్చి మీద పడతాయి. వీటిని తప్పించే ఆప్షన్ ప్రతి టూల్‌లోనూ ఉంది. కానీ వేటిని తీసేయాలో చెప్పేముందు ఆ టూల్ అసలు ఏ ఫైళ్లను చూస్తుందో తెలియాలి. ఫలితాలు తేడా వచ్చేది అక్కడే.

ఫైళ్లలో పదాలు వెతికే మామూలు కమాండ్ గ్రెప్‌ని ఈ పనికి వాడకపోవడమే మంచిది. గిట్ తన సొంత సమాచారం దాచుకునే డాట్ గిట్ ఫోల్డర్‌తో సహా అన్నీ తవ్వుతుంది. పైగా '--ఎక్స్‌క్లూడ్-డిర్'కి 'సోర్స్/వెండర్' అని దారి ఇస్తే గ్ను గ్రెప్ ఏ హెచ్చరికా లేకుండా ఆ ఫోల్డర్‌నీ వెతికేస్తుంది. దానికి కావలసింది ఒట్టి ఫోల్డర్ పేరు.

గిట్‌తో పాటే వచ్చే గిట్ గ్రెప్ మామూలుగా ట్రాక్ అయిన (గిట్‌కి యాడ్ చేసిన) ఫైళ్లనే చూస్తుంది. తప్పించాల్సినవి చివర్లో, రెండు గీతల తర్వాత రాయాలి:

గిట్ గ్రెప్ 'పదం' -- ':!*.లాక్' ':!వెండర్'

సింగిల్ కోట్స్ తప్పనిసరి. డబుల్ కోట్స్ పెడితే బాష్ (టెర్మినల్‌లో కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఆ ఆశ్చర్యార్థకాన్ని పాత కమాండ్ కోసం పిలుపు అనుకుంటుంది. ':!' బదులు ':^' కూడా రాయొచ్చు. ఈ మినహాయింపు 2014లో గిట్ 1.9తో వచ్చింది. 2017 నాటి 2.13 కంటే పాత గిట్ అయితే మినహాయింపులతో పాటు ఒక చుక్క (.) కూడా ఇవ్వాలి, లేకపోతే ఎర్రర్ వస్తుంది.

ఎక్కువమంది తడబడేది నక్షత్రం దగ్గర. ఇక్కడ * అనేది స్లాష్‌ని కూడా దాటుతుంది, అందుకే '*.లాక్' ఎంత లోతు ఫోల్డర్‌లో ఉన్నా పట్టుకుంటుంది. నక్షత్రం లేని 'వెండర్' మాత్రం మీరు నిలబడిన ఫోల్డర్‌లోని వెండర్ ఒక్కటే. లోపలెక్కడో ఉన్నవి కూడా పోవాలంటే ':!*/వెండర్/*' అని ఇంకొకటి చేర్చాలి.

రిప్‌గ్రెప్ గిట్‌తో సంబంధం లేని విడి టూల్, అది ట్రాకింగ్‌ని చూడదు. డాట్ గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చదివి, అందులో ఉన్నవాటినీ, చుక్కతో మొదలయ్యే ఫైళ్లనీ, బైనరీలనీ వదిలేస్తుంది. ఇంకా యాడ్ చేయని కొత్త ఫైల్ ఇందులో దొరుకుతుంది, గిట్ గ్రెప్‌లో '--అన్‌ట్రాక్డ్' ఇస్తేనే దొరుకుతుంది. ఒకసారికైతే -జీ '!*.లాక్' చాలు. రోజూ కావాలంటే రిపాజిటరీ మొదట్లో డాట్ ఇగ్నోర్ అనే ఫైల్ పెట్టి అందులో రాయండి. గిట్ దాన్ని పట్టించుకోదు, రిప్‌గ్రెప్ పాటిస్తుంది. ఇంత సుఖమైన ఏర్పాటు గిట్ గ్రెప్‌లో లేదు.

అయితే ఆ సుఖంలోనే ప్రమాదమూ ఉంది. డాట్ గిట్‌హబ్ ఫోల్డర్‌లోని వర్క్‌ఫ్లో ఫైళ్లు రిప్‌గ్రెప్‌కి కనబడవు. గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నా బలవంతంగా యాడ్ చేసిన ఫైల్ కూడా అంతే. '--హిడెన్' ఇస్తే చుక్క ఫైళ్లు వస్తాయి, వాటితో పాటు డాట్ గిట్ కూడా వస్తుంది కాబట్టి -జీ '!.గిట్' జోడించాలి.

అందుకే రోజువారీ వెతుకులాటకు రిప్‌గ్రెప్, డాట్ ఇగ్నోర్ కలిపి వాడటం మేలు. ఒక పేరు ఎక్కడా వాడటం లేదని తేల్చుకుని తొలగించేటప్పుడు మాత్రం గిట్ గ్రెప్‌నే నమ్మాలి, అదీ వీలైనన్ని తక్కువ మినహాయింపులతో. సబ్‌మాడ్యూళ్లు (రిపాజిటరీలో ఇమిడిన వేరే రిపాజిటరీలు) ఉంటే '--రికర్స్-సబ్‌మాడ్యూల్స్' మరవకండి. పాత కమిట్‌లో వెతకాలన్నా గిట్ గ్రెప్పే దారి.

మినహాయింపు సరిగ్గా పడిందో లేదో ముందే చూసుకోవచ్చు. అవే నమూనాలను 'గిట్ ఎల్ఎస్-ఫైల్స్'కి గానీ, 'ఆర్‌జీ --ఫైల్స్'కి గానీ (ఆర్‌జీ అంటే రిప్‌గ్రెప్ కమాండ్) ఇస్తే, వెతకబోయే ఫైళ్ల జాబితా వస్తుంది.