1860 ఆర్మీ నకలు రివాల్వర్: ఉక్కు మేలు, అమరిక అరకొర

కోల్ట్ 1860 ఆర్మీ రివాల్వర్‌కు ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియాలో తయారైన నకలు ఒకటి, తుప్పుపట్టిన స్థితిలో నా చేతికి వచ్చింది. ఇటువంటి తుపాకుల తయారీ సంవత్సరం చిన్న చతురస్రంలోని రెండక్షరాల ముద్రను బట్టి తెలుస్తుంది (ఆ వరుస 1975లో ‘ఏఏ’తో మొదలైంది), కనుక పాతది కొనేవారు ముందుగా దానినే వెతకడం మంచిది. కొన్ని వారాలు శ్రమించి దీనిని బాగుచేసిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, తయారీదారు మంచి ఉక్కును ఇచ్చి, కూర్పులోని చివరి పనిని మాత్రం కొన్నవారికి వదిలిపెట్టాడు.

విప్పడానికి ముందు నిపుళ్లపై (సిలిండర్ అనే తిరిగే భాగం వెనుక, నిప్పును గదుల్లోకి పంపే చిన్న గొట్టాలపై) క్యాపులు, అంటే దెబ్బకు పేలే చిన్న మూతలు, లేవని, సిలిండర్‌లోని ఆరు గదుల్లోనూ మందు, గుండు లేవని పుల్ల దించి చూసుకున్నాను. సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లలో కలిసిన బ్లాక్ పౌడర్ కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసిలోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తాయి. పాత యజమాని పేల్చిన తరువాత కడగలేదన్న సంగతి నిపుళ్లే చెప్పాయి. వేడి సబ్బునీరు మసిని వదిలించింది, నూనెలో ముంచిన సన్నని ఉక్కుపీచు పైతుప్పును తీసింది, కానీ ఒక నిపుల్ మాత్రం మూడు రోజులు నూనెలో నానిన తరువాత గాని కదలలేదు. గదుల లోపల లోతైన గుంటలు లేకపోవడం అదృష్టం.

అసలు లోపం ఇరుసు దగ్గర ఉంది. ఈ నమూనాలో సిలిండర్ పైన చట్రపు పట్టీ ఉండదు. సిలిండర్ తిరిగే ఇరుసు బ్యారెల్ కింది దిమ్మెలోకి దూరుతుంది, అడ్డంగా దిగే ఒక చీల రెంటినీ బిగించి ఉంచుతుంది. ఇరుసు కొన దిమ్మెలోని రంధ్రపు అడుగును తాకాలి. నా తుపాకిలో అది తాకలేదు. అందువల్ల చీలను కొట్టినకొద్దీ దిమ్మె కింది అంచు ఆనికగా బ్యారెల్ పైకి వాలి, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు మూసుకుపోయి సిలిండర్ బిగుసుకుపోయేది. వదులు చేస్తే బ్యారెల్ ఊగేది. బ్యారెల్‌ను పక్కకు తిప్పి ఇరుసు మీదకు నెట్టినప్పుడు దిమ్మె చట్రపు ముఖాన్ని దాటి వెనక్కి పోతే ఇరుసు పొట్టిగా ఉన్నట్టే. రంధ్రం అడుగున ఉక్కు బిళ్ల ఒకటి వేసి, దానిని కొద్దికొద్దిగా అరగదీస్తూ దిమ్మె చట్రాన్ని, ఇరుసు బిళ్లను ఒకేసారి తాకేలా చేశాను. ఇప్పుడు చీలను ఎంత బిగించినా సందు 0.1 మిల్లీమీటరుకు కాస్త పైనే నిలకడగా ఉంటోంది. చాలామంది మెరుగుతో, కొత్త పిడితో మొదలుపెట్టి దీనిని చివరికి వదిలేస్తారు. అది తలకిందుల పద్ధతి.

లోపలి యంత్రంలో గడియ, అంటే సిలిండర్‌ను ఆపే బోల్ట్, తొందరపడి పడిపోతూ సిలిండర్ చుట్టూ గీత గీసింది. పొట్టిదైన గడియ కాలును పొడిగించలేము కాబట్టి కొత్త గడియను తెచ్చి, అది సిలిండర్ మీది గంటుకు ముందున్న పల్లంలో పడేవరకు ఆకురాయితో రెండేసి రాపిడ్లు పెట్టి చూస్తూ వచ్చాను. పూర్తిగా ఎక్కుపెట్టిన హ్యామర్‌ను (క్యాపును కొట్టే సుత్తిని) నిలిపే గంటు జోలికి మాత్రం పోలేదు. అక్కడ జరిగే పొరపాటు తుపాకి తనంతట తానే పేలడానికి దారితీస్తుంది. హ్యామర్ స్ప్రింగును పలుచన చేయమనే సలహా కూడా నాకు నచ్చలేదు. దెబ్బ బలహీనమైతే పేలుడు ఒత్తిడికి హ్యామర్ వెనక్కి లేచి, పగిలిన క్యాపు ముక్కలు యంత్రంలో పడతాయి.

నిపుళ్లను మార్చిన తరువాత క్యాపులు వేలితో నొక్కనవసరం లేకుండా కూర్చుంటున్నాయి. ఇందులో బ్లాక్ పౌడర్‌ను లేదా దానికి బదులుగా తయారైన మందును మాత్రమే వాడాలి. పొగరాని మందు వేస్తే సిలిండర్ బద్దలవుతుంది. పైపట్టీ ఉన్న 1858 రెమింగ్టన్ నకలుకు ఈ చీల బాధ లేదు గాని, దాని సన్నని ఇరుసు మసికి త్వరగా పట్టేస్తుంది. కోల్ట్ లావు ఇరుసు మీది గాడులు గ్రీజును నిలుపుకుంటాయి, అందుకే నేను దీనినే ఎంచుకున్నాను.

ఆకురాయి పట్టే ఓపిక లేనివారికి ఈ తుపాకి తగదు. ఉన్నవారికి ఉక్కు నిరాశపరచదు. 25 గజాల దూరంలో గుండు ఇంకా గురికి పైనే తగులుతోంది, కనుక ముందరి గురి ముక్కను ఎత్తు చేసే పని మిగిలే ఉంది.