తిరుపతి బస్టాండు దగ్గర డాక్యుమెంట్ల సర్వీసు: కాగితాల్లో పేర్లు సరిచూపించుకోవడానికి తప్పకుండా వెళ్ళండి, అపోస్టిల్‌కి మాత్రం అడిగి డబ్బు కట్టండి

విదేశీ భర్త దగ్గరికో, భార్య దగ్గరికో కాపురానికి వెళ్ళేవాళ్ళకు కాగితాలు సిద్ధం చేసిపెట్టే చిన్న ఆఫీసు ఇది. బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్, పీసీసీ (మన మీద పోలీసు కేసులు లేవని ఇచ్చే సర్టిఫికెట్), అనువాదం, అపోస్టిల్ (మన కాగితం నిజమైనదేనని విదేశాల కోసం మన విదేశాంగ శాఖ అంటించే ధ్రువీకరణ స్టిక్కరు) అన్నీ చూస్తారు.

వీళ్ళ దగ్గర మెచ్చుకోవలసింది మొదటి అరగంట. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, టెన్త్ మార్కుల లిస్టు, మ్యారేజ్ సర్టిఫికెట్ బల్లమీద వరసగా పరిచి, పెన్సిల్ మొన ఒక్కో అక్షరం కింద ఆనించి చదువుతారు. మన కాగితాల్లో చిక్కంతా అక్కడే ఉంటుంది. టెన్త్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో అదే పూర్తిగా. ఒకచోట లక్ష్మికి చివర ఐ, ఇంకోచోట వై. మనకది ఒకే పేరు, వీసా ఆఫీసరుకు ఇద్దరు మనుషులు. జిల్లా సంగతి కూడా బాగా చెప్తారు. తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందటి సర్టిఫికెట్‌లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది, అది తప్పు కాదు. అనువాదంలో దాన్ని తిరుపతి జిల్లాగా 'సరిచేస్తే' మాత్రం ఒరిజినల్‌తో పొంతన పోతుంది.

పెళ్ళి రిజిస్ట్రేషన్ గురించి ఇచ్చే సలహా కూడా సరైనదే. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. కాకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందికి వెళ్ళాలి: ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి, నోటీసు పెట్టాక ఇంకో 30 రోజులు ఆగాలి, పెళ్ళినాడు ముగ్గురు సాక్షులు కావాలి. అవతలి వాళ్ళు మూడు వారాల సెలవు మీద వచ్చి, నోటీసూ పెళ్ళీ అందులోనే అయిపోవాలంటే కుదరదు. టికెట్లు కొనకముందే ఈ మాట చెప్పడం ఎంతో మేలు.

ఇక లోపం. ఏ దేశమని అడగకుండానే అపోస్టిల్ రేటు చెప్పేస్తారు. ఇది చిన్న విషయం కాదు. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది గానీ, మన చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకని జర్మనీకి మన అపోస్టిల్ పనికిరాదు, కాగితాలను వాళ్ళ దౌత్య కార్యాలయమే విచారణ చేయించుకుంటుంది. అక్కడికి వెళ్ళే భార్యాభర్తలకు మామూలుగా కావలసింది ఏ1 స్థాయి, అంటే మొట్టమొదటి మెట్టు, జర్మన్ భాషా పరీక్ష. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగూ ఉంటాయి. అపోస్టిల్‌కి పెట్టే డబ్బు ఆ పరీక్ష ఫీజుకి పెట్టుకోవడం నయం.

ఫ్రాన్స్, ఇటలీ లాంటి దేశాలకైతే అపోస్టిల్ చెల్లుతుంది. విదేశాంగ శాఖ తీసుకునేది కాగితానికి 50 రూపాయలే. మిగతాదంతా రాష్ట్ర స్టాంపు (అపోస్టిల్‌కి ముందు కాగితం మీద వేయించాల్సిన ప్రభుత్వ ముద్ర), పోనురాను, వీళ్ళ కమిషన్. రసీదులో విడివిడిగా రాయించుకోండి. స్టాంపు వెలగపూడి సచివాలయంలో వేయిస్తారా, ఢిల్లీ ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) దగ్గరా అని కూడా అడగండి. రెండోది తొందరగా అయ్యే దారి, కానీ కొన్నిచోట్ల రాష్ట్ర స్టాంపే కావాలంటారు.

సర్టిఫికెట్‌కు లామినేషన్ మాత్రం చేయించకండి. స్టాంపు పడేదీ, స్టిక్కరు అంటించేదీ కాగితం మీదే, ప్లాస్టిక్ మీద కాదు. చేయించేసి ఉంటే పీకే ప్రయత్నం వద్దు, ఇంకు ఊడి వస్తుంది. కొత్త కాపీ తీసుకోండి.

పీసీసీని వీళ్ళు తొందరపెట్టి మొదటే చేయిస్తారు, అది నాకు నచ్చలేదు. దాని ఫీజు 500, మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. తర్వాత పాస్‌పోర్టులో భాగస్వామి పేరు చేర్పిస్తే కొత్త పుస్తకం, కొత్త నంబరు వస్తాయి, పీసీసీ మళ్ళీ మొదటికొస్తుంది. పేరు చేర్చుకోవాలనుకుంటే ముందు అదే కానివ్వండి, పీసీసీ చివర్లో పెట్టుకోండి.

పరిశీలనకు ఐదుకు ఐదు, అపోస్టిల్ పనికి రెండు.