హీత్రో నుంచి ఈస్ట్‌హామ్‌కి: క్లాస్ 345లో అన్నీ ఉన్నాయి, టాయిలెట్ తప్ప

హైదరాబాద్ నుంచి పది గంటల పైనే కూర్చుని హీత్రో టెర్మినల్ 5లో దిగిన అమ్మానాన్నలకు ముందుగా చెప్పాల్సింది ఒకటే: లండన్ నగరం మీదుగా వెళ్ళే ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కేలోపే టాయిలెట్‌కు వెళ్ళి రమ్మనండి. ఆ లైన్లో నడిచే క్లాస్ 345 రైలుకి తొమ్మిది పెట్టెలు, 205 మీటర్ల పొడవు. ఒక్క పెట్టెలోనూ టాయిలెట్ లేదు. మెట్రోలా జనం నిలబడి వెళ్ళడానికి చేసిన రైలిది. 1,500 మంది పడతారు, సీట్లు మాత్రం 450 చిల్లర. తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌కి రైలు మారాల్సిన వైట్‌చాపెల్ దాకా ముప్పావుగంట పైనే పడుతుంది. నీరు తీసే బీపీ మాత్ర వేసుకున్న పెద్దాయనకి అదెంత నరకమో పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. ఆపుకోలేకపోతే దారిలో వచ్చే ప్యాడింగ్టన్‌లో దిగి, సామానంతా లాక్కుంటూ పైన మెయిన్ స్టేషన్‌కి వెళ్ళాల్సిందే. ఎయిర్‌పోర్ట్ రైలుకి ఇది క్షమించరాని లోపం.

అయినా ఎక్కమనే చెబుతాను. 2024లో ప్యాడింగ్టన్‌కి 12.80 పౌండ్లు. హీత్రో ఎక్స్‌ప్రెస్ అనే ఇంకో రైలుకి అప్పటికప్పుడు కొంటే 25. అందులో నడిచే క్లాస్ 387లో టాయిలెట్ ఉంది, చార్జింగ్ ప్లగ్గు ఉంది, 21 నిమిషాల్లో చేరుస్తుంది. కానీ ప్యాడింగ్టన్‌తోనే ఆగిపోతుంది. ఆ లెక్కన ఇద్దరికి 24.40 పౌండ్లు అదనంగా పెట్టి, అక్కడ మళ్ళీ సూట్‌కేసులతో రైలు మారడం దండగ. 345 అయితే నేరుగా వైట్‌చాపెల్. అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో ఎక్కితే ఈస్ట్‌హామ్.

టెర్మినల్ 5 నుంచి ఎలిజబెత్ లైన్ రైళ్ళు గంటకి రెండే. ఎదురుచూడకుండా ముందొచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎక్కి టెర్మినల్ 2, 3 స్టేషన్లో దిగండి. అక్కడిదాకా ఉచితం. టెర్మినల్ 4 నుంచి వచ్చే 345లు కూడా అక్కడ దొరుకుతాయి. దిగడం మరిచిపోతే మాత్రం ఎక్స్‌ప్రెస్ చార్జీ పడుతుంది.

హీత్రోలో ప్లాట్‌ఫారం, రైలు నేల ఒకే ఎత్తు. సూట్‌కేసు ఎత్తక్కర్లేదు, దొర్లించుకుంటూ ఎక్కేయొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలకి ఈ ఒక్క సుఖం చాలు. సీట్లు చాలావరకు గోడ వెంబడే. మడత సీట్ల దగ్గర ఖాళీ చూసుకుని సూట్‌కేసుని అడ్డంగా పడుకోబెట్టండి. చక్రాల మీద నిలబెడితే బ్రేకు పడగానే ఎదుటివాళ్ళ కాళ్ళ మీదికి పోతుంది.

టికెట్ బదులు గేటు దగ్గర తాకించడానికి మనిషికొక కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఉండాలి. లోపలికి ఏ కార్డు తాకించారో బయటికీ అదే తాకించాలి. లోపలికి కార్డు, బయటికి ఫోను తాకిస్తే, రెండూ ఒకే ఖాతావైనా సరే, రెండు అసంపూర్ణ ప్రయాణాల కింద లెక్కేసి రెండింటికీ గరిష్ఠ చార్జీ లాగుతారు.