ఆఫీసు రాత్రి భోజనం, డ్రాప్ క్యాబ్: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసులో రాత్రి 8:30 దాటి కూర్చుంటే భోజనం ఫ్రీ, 10 దాటితే ఇంటిదాకా క్యాబ్ ఫ్రీ. కొత్తగా చేరేవాళ్ళకి హెచ్‌ఆర్ వాళ్ళు ఈ రెండిటి గురించి చాలా గొప్పగా చెప్తారు, ఏడాదిన్నరగా వారానికి నాలుగు రోజులు వాడుతున్నదాన్ని కాబట్టి రాస్తున్నా.

భోజనం నిజంగా బాగుంటుంది. పుల్కాలు అప్పటికప్పుడు కాల్చి ఇస్తారు, గోంగూర పప్పు చేసిన రోజు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నా ఏమీ అనరు, పెరుగు మాత్రం 9:30 దాటితే అయిపోతుంది, మజ్జిగతో సరిపెట్టుకోవాలి. వడ్డించే అన్న నన్ను చూడగానే "ఇవాళ కూడా ఉండిపోయావా తల్లీ" అంటాడు. ఆఫీసులో ఆ మాట అడిగేది ఆయనొక్కడే.

క్యాబ్ సాయంత్రం 8 లోపు యాప్‌లో బుక్ చేయాలి. నలుగురం ఒకే బండి, కొండాపూర్, హఫీజ్‌పేట్, మియాపూర్‌లలో ఒక్కొక్కరినీ దింపుకుంటూ నేను నిజాంపేట్‌లో దిగేసరికి 11:30 అవుతుంది. చివర్లో దిగేది ఆడవాళ్ళయితే గార్డు తోడు వస్తాడు, ఇందులో ఒక్కసారి కూడా తేడా రాలేదు. డ్రైవర్లు మర్యాదస్తులు. కానీ వాళ్ళలో చాలామంది పొద్దున పికప్‌లు కూడా చేసినవాళ్ళే, ఒక రాత్రి డ్రైవర్‌కి కళ్ళు మూతలు పడుతుంటే కొత్తగూడ దగ్గర ఆపించి అందరం టీ తాగి బయల్దేరాం.

ఇక అసలు సంగతి. అన్నం, బండి ఉన్నాయి కదా అని, నేను చేరినప్పుడు 7కల్లా అయిపోయే కాల్స్‌ని 9కి మార్చారు. టీమ్‌లో ఇద్దరు పేపర్ వేసి వెళ్ళిపోతే వాళ్ళ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు, ఆ పని మా ముగ్గురికే పంచారు. మామూలు 45 గంటల మీద ఇంకో 12 గంటలు, అంటే వారానికి 57. ఐటీ కంపెనీలకు దుకాణాలు, సంస్థల చట్టం నుంచి మినహాయింపులు ఇచ్చినప్పుడు కూడా ప్రభుత్వం వారానికి 48 గంటలే అని, అది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని షరతు పెట్టింది. నా పేస్లిప్‌లో ఆ పేరుతో రూపాయి కూడా పడలేదు.

ఏప్రిల్ అప్రైజల్‌లో రేటింగ్ 3, హైక్ 4 శాతం. బెల్ కర్వ్ అన్నారు, అంటే మంచి రేటింగ్ కొద్దిమందికే ఇవ్వాలన్న లెక్క. ఇంత పని చేశాను కదా సార్ అని అడిగితే మేనేజర్ "డిన్నర్, క్యాబ్ అన్నీ ఇస్తున్నాం కదమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు ఆ అన్నం దిగలేదు. నేను ఇంటికి చేరేసరికి మా పాప నిద్రపోయి ఉంటుంది, అమ్మ దానికి తినిపించి పడుకోబెడుతుంది, సోమవారం నుంచి గురువారం దాకా దాని పక్కన కూర్చుని నేను ఒక్క ముద్ద తినను. నాలుగు పుల్కాలు, ఒక సీటు దానికి బదులంటే నేను ఒప్పుకోను.

భోజనానికి 5లో 4, క్యాబ్‌కి 4. జీతంలో భాగంగా లెక్కేస్తే 1. ఇలాంటి చోట చేరబోయేవాళ్ళు కాల్స్ ఎన్నింటికి అవుతాయో ఆ టీమ్‌లో పనిచేసేవాళ్ళనే అడగండి, శనివారం రమ్మంటే దానికి బదులు సెలవు (కాంప్-ఆఫ్) ఎప్పుడిస్తారో మెయిల్‌లో రాయించుకోండి. "తర్వాత చూద్దాం" అన్న మాట నమ్మి నేను పోయినేడాది ఆరు రోజులు పోగొట్టుకున్నాను.